ఓడ అన్న మాట

కపల్ తెర్బాంగ్. కపల్ తెర్బాంగ్. పెదవులు కదపకుండా లోపలే అనుకోమని మోసెస్ చెప్పాడు. పోలీసు కచేరీ వరండాలో కూర్చున్న మనిషి తనలో తాను గొణుక్కుంటుంటే లోపలివాళ్లు ఇంకేదో అనుకుంటారు. గోడ గడియారంలో పది దాటి మూడు నిమిషాలైంది. పదకొండుకి పిలుస్తారు. పిలిచాక తాతబాబు లోపలికి వెళ్లి, దొర బల్లకు మూడడుగుల ఇవతల నిలబడి, ఆ రెండు మలాయి మాటలు అనాలి. ఎగిరే ఓడ అని వాటి అర్థం. ఈ దేశంలో విమానాన్ని అలాగే అంటారు. ఆ మాటలు సరిగ్గా అంటే, తన కొడుకు సూరిబాబు ఆ గురువారం కొండ ఎందుకు ఎక్కాడో దొర తన కాగితంలో సరిగ్గా రాసుకుంటాడు. రాసుకుంటే వాణ్ని దేశం నుంచి వెళ్లగొట్టడం ఆపవచ్చు. ఆపకపోవచ్చు. ఆపకపోతే సోమవారం క్లాంగ్ అవతలి రేవులో వాణ్ని మద్రాసు స్టీమరు ఎక్కిస్తారు. వాడు ఇరవై ఏళ్ల కిందట ఈ కొండల్లోనే, బుకిట్ తెరాప్ రబ్బరు ఎస్టేట్ కూలీల ఇళ్ల వరసల్లో, నాలుగో లైనులో పుట్టాడు. మద్రాసు ఎటువైపు ఉందో వాడికి తెలియదు. కౌలాలంపూర్ కూడా వాడు ఒక్కసారే చూశాడు. అది పదిహేడు రోజుల కిందట, జైలుకి తీసుకుపోయే లారీలోంచి.

బెంచీకి అటు చివర మోసెస్ కూర్చున్నాడు. ఎస్టేట్ ఆస్పత్రిలో డ్రెస్సరు, కట్లు కట్టి క్వినైన్ ఇచ్చే మనిషి. వాళ్ల తాత కూడా తాతబాబులాగే చికాకోల్ వైపు నుంచే వచ్చాడు, వచ్చాక మిషను వాళ్లలో కలిశాడు. లైన్లలోని తెలుగువాళ్లలో ఇంగ్లీషు చదవగలిగింది మోసెస్ ఒక్కడే. అందుకే అర్జీ అతను రాశాడు, అందుకే ఈ రోజు సెలవు పెట్టి వచ్చాడు. మోకాలి మీద టోపీ పెట్టుకున్నాడు. ఆ టోపీని చూస్తుంటే పదకొండు రోజుల కిందటి సంగతి కళ్లముందుకొస్తుంది. ఆస్పత్రి మెట్లు, పక్కన అదే టోపీ, మోసెస్ చేతిలో టైపు చేసిన కాగితం. ఒక్కో వరస చదివి తెలుగులో చెప్తున్నాడు. ఫోటో దుకాణం పేరు. దొరికిన పటాలు నలభై ఒకటి. ఆ తరవాత తండ్రి వాంగ్మూలం. అక్కడ ఆగి, మళ్లీ మొదటినుంచి చదువుకున్నాడు. పోలీసులు వస్తున్నారని తెలిసి పారిపోవడానికే తన కొడుకు కొండ ఎక్కాడని తండ్రి స్వయంగా చెప్పాడు, అని ఉంది.

“ఏటన్నావు మావా నువ్వు? ఆడు కొండెందుకు ఎక్కినాడని అడిగితే ఏటి సెప్పినావు?”

“ఓడ అన్నాను.”

“ఏ బాసలో?”

ఆ ప్రశ్న ముందు అర్థం కాలేదు. లైన్లలో తెలుగులో మొదలైన మాట అరవంలో ముగుస్తుంది, మధ్యలో ఒకటో రెండో మలాయి ముక్కలు పడతాయి. ముప్పై నాలుగేళ్లుగా తాతబాబు అలాగే మాట్లాడాడు. ఇది ఏ బాస అని ఎవరూ ఆపి అడగలేదు. వాంగ్మూలం తీసుకున్న రోజు దొర పక్కన నిలబడ్డ దుబాసీ అరవాయన. ఆయన అరవంలో అడిగాడు కాబట్టి తాతబాబు అరవంలోనే చెప్పాడు, ఒక్క మాట తప్ప. ఓడ, దొరా, ఓడ, అదుక్కుదాన్ మలై ఏరినాన్. ఓడ, అందుకోసమే కొండ ఎక్కాడు. తెలుగులో ఓడ అంటే ఓడ. అరవంలో ఓడ అంటే పరిగెత్తడానికి. దుబాసీ ఏమీ కల్పించలేదు. విన్నది విన్నట్టు దొరకి అప్పజెప్పాడు. పరిగెత్తడానికి, దొరా, పరిగెత్తడానికి, అందుకోసమే కొండ ఎక్కాడు. దొర తలూపి రాసుకున్నాడు. ఆ తలూపడం తాతబాబు చూశాడు, చూసి సంతోషపడ్డాడు. ఆ రోజు ఇంటికి పోయి కూర్మమ్మతో, దొర తలూపినాడే, ఆడొచ్చేత్తాడు, అన్నాడు. అన్నం కూడా తిన్నాడు.

పదీ పదకొండు. ఓడ అనే మాట ఇప్పుడు తలలోకి కూడా రానివ్వకూడదు, తలలోకి వస్తే నోట్లోకి వస్తుంది. కపల్ తెర్బాంగ్. అసలు ఆ మాట మలాయివాడి దగ్గరే తీసుకున్నాడు కదా. పదేళ్ల కిందట కొండ కింద రోడ్డు వేస్తున్న మలాయివాళ్లు పని ఆపి పైకి చూసి కపల్, కపల్ అన్నారు. కపల్ అంటే ఓడ అని తాతబాబుకు తెలుసు, పినాంగ్ రేవులో దిగిన రోజే ఆ మాట నేర్చుకున్నాడు. జార్జ్ టౌన్‌కి దక్షిణాన ఉన్న దీవిలో, మశూచి లేదని తేలేదాకా ఉంచిన పాకల్లోంచి రోజూ కపల్‌లు లెక్కపెట్టేవాడు. అప్పుడు పన్నెండేళ్లు. ఆ దీవిలో తనతోపాటు ఉన్న మేనమామ మూడో ఏడు జ్వరంతో పోయాడు. అందుకని ఆకాశంలో పోయేదాన్ని చూసి మలాయివాళ్లు కపల్ అంటే తాతబాబు ఓడ అన్నాడు, లైనులో అందరికీ అలాగే చెప్పాడు, అందరూ అలాగే అన్నారు. మొదట్లో గాలోడ అనేవాళ్లు. తరవాత గాలి రాలిపోయింది. ఈ కొండల్లో వేరే ఓడ ఏముంది, పొరబడడానికి? మలాయివాడి మాట తెలుగులోకి వచ్చింది, తెలుగు మాట అరవం చెవిలో పడింది, అరవం ఇంగ్లీషు కాగితం మీదికి ఎక్కింది. ఒక్కొక్కరూ తమ పని సరిగ్గానే చేశారు. దుబాసీని తిట్టుకోవాలని ఈ పదకొండు రోజుల్లో చాలాసార్లు చూశాడు. తిట్టు సగంలో ఆగిపోతుంది, ఆ మాట అన్న నోరు ఎవరిది అని.

రోడ్డు అవతల చీనావాడి కాఫీ దుకాణంలో ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్నారు. ఆ చప్పుడు సూరిబాబు పటాలు కడిగే మందునీళ్లని కడ్డీతో కలిపే చప్పుడులా ఉంది. పదహారో ఏట వాడు ఈ ఊళ్లోనే, ఈ వీధి చివర, మొరితా అనే జపానాయన ఫోటో దుకాణంలో చేరాడు. పెళ్లిళ్ల పటాలు, చావుల పటాలు, పాసుల కోసం కూలీల పటాలు. వాడికి గాజు పలకలు కడగడం పని, ఏడాదికి పటం తీయడం వచ్చింది, రెండో ఏడాదికి మడత కెమెరా ఒకటి ఆదివారాలకి ఇంటికి తెచ్చేవాడు. తరవాత గురువారాలకి కూడా. గురువారం పొద్దున్న తొమ్మిదింటికి, మబ్బు కొండల్ని మూసేలోపు, సింగపూర్ వైపు నుంచి పట్టాళం విమానాలు మూడు, ఒకదాని వెనక ఒకటి, నది పట్టుకుని కనుమలోకి వస్తాయి. రెండంతస్తుల రెక్కలు, వాటి మీద వలయాలు. కొండ భుజం మీద నిలబడితే అవి కింద నుంచి పోతాయి. ఆకాశంలో పోయేదాని వీపు చూడడం అక్కడే కుదురుతుంది. నడిపేవాడి తోలు టోపీ కనపడుతుంది, వాడు తల తిప్పితే కళ్లద్దాలు కనపడతాయి. ఒకసారి తాతబాబు ఆ పైనుంచి చెయ్యి ఊపాడు, కిందనున్నవాడు పైకి చూడలేదు. విమానాలకు ముందు చప్పుడు వస్తుంది. నది మలుపు తిరిగేటప్పుడు ఆ చప్పుడు ఎదుటి కొండకు తగిలి తిరిగి వస్తుంది కాబట్టి కొత్తవాళ్లు తూర్పు వైపు చూస్తారు. విమానం పడమటి నుంచి వస్తుంది. చప్పుడు లేని వైపు సూడాల అయ్యా, అనేవాడు సూరిబాబు. కోతులు అరవడం మానేస్తే కెమెరా మడత విప్పేవాడు. విప్పి, కళ్లకి ఆనించి, విమానం కనపడగానే దానితోపాటు నడుం నుంచి తిరిగేవాడు, కల్లు కుండ మోసేవాడు తొణకకుండా తిరిగినట్టు, తిరుగుతూనే మీట నొక్కేవాడు. అలా ఎందుకు అని తాతబాబు అడిగాడు. కెమెరాని కదపకపోతే కొండ నిలబడుతుంది, ఓడ చెరిగిపోతుంది, దానితోపాటు తిరిగితే ఓడ నిలబడుతుంది, కొండ చెరిగిపోతుంది, అన్నాడు. రెండూ నిలబడవా? నిలబడవు లా, అయ్యా, అన్నాడు, మాట చివర మలాయివాళ్ల లా తగిలించి. ఒకటి వదులుకోవాల.

మొదటి పటం తెచ్చి చూపించినప్పుడు అందులో కొండ గీతలు గీతలుగా ఉంది. రబ్బరు చెట్లు లేవు, లైన్లు లేవు, తాము నిలబడిన చోటు లేదు. విమానం మాత్రం, రెక్కల మధ్య తీగలతో సహా, తోక మీది అంకెలతో సహా ఉంది. కూర్మమ్మ చూసి, మన కొండేదిరా, అంది. వెనక్కి తిప్పితే సూరిబాబు రాత. తేదీ, టైము, ఎన్ని, ఏ అంకె, ఎటునుంచి ఎటు, మబ్బు ఎంత. జపాను వాళ్లకి వేగు పంపుతున్నాడనడానికి ఆ రాతే పోలీసులకు కావలసింది. పటాల కోసమైతే అంత రాయడం ఎందుకు అని అడిగారట. పొద్దుపోక తీసినవాడు టైము రాస్తాడా? తాతబాబుకు దీనికి జవాబు తెలుసు, కానీ ఆ రోజు ఎవరూ తనని ఆ ప్రశ్న అడగలేదు. రబ్బరు చెట్లకు గీత పెట్టే పని కాక తాతబాబుకు ఇంకో పని ఉంది, కొండ భుజం మీద రాగి గొట్టంలో పడ్డ వాన కొలవడం. రోజూ పొద్దున్నే గాజు గొట్టంలోకి వంచి, ఎంతుందో చూసి, పుస్తకంలో వేయాలి. అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. పాత మేనేజరు నేర్పాడు. వాన పడకపోయినా రాయి, సున్నా అని రాయి, రాయని రోజు అబద్ధం, అనేవాడు. సూరిబాబు అంకెలు నేర్చింది ఆ పుస్తకంలోనే. విమానాలు రాని గురువారాలు కూడా వాడు ఒక చీటీ మీద రాసుకున్నాడు, రాలేదు, రాలేదు, మబ్బు, రాలేదు. దుకాణంలో ఆ చీటీలు కూడా దొరికాయి. రాలేదని రాసుకునేవాడు ఎవరికోసమో రాస్తున్నాడని దొర అనుకున్నాడు.

ఎవరికోసమైనా రాశాడా? ఇది తాతబాబు తనని తాను అడగకుండా ఉండాలనుకునే ప్రశ్న, గడియారం పదీ ఇరవై ఐదు చూపిస్తున్నప్పుడు అదే వస్తోంది. మొరితా ఒక సోమవారం దుకాణం తలుపు తీయలేదు. వెళ్లిపోయాడు, కుర్చీలు, తెర, పెళ్లికూతుళ్లు ఆనుకునే చెక్క స్తంభం, అన్నీ వదిలేసి. పటాలు కొన్ని వదిలాడు, కొన్ని తీసుకెళ్లాడో ఎవరికైనా ఇచ్చాడో తెలియదు. సూరిబాబుకి తెలుసో లేదో తెలియదు. వాణ్ని అడగలేదు. అడిగే వీలు దొరకలేదు. ఆ గురువారం పోలీసులు లైనులోకి వచ్చి, ఇంటి ముందు పీట వేయించుకుని కూర్చున్నారు. పదింటికి సూరిబాబు కెమెరా మెడలో వేసుకుని కొండ దిగి వచ్చాడు. వాళ్లని చూశాడు. చూసి ఆగలేదు, పక్కకి పోలేదు, నేరుగా వచ్చి దండం పెట్టాడు. నలుగురు చూశారు. ఆ సంగతి కాగితంలో లేదు, ఎందుకంటే ఎక్కడం గురించి అడిగారు గానీ దిగడం గురించి అడగలేదు. ఆ కాగితాన్ని జైల్లో సూరిబాబుకి కూడా చదివి వినిపించారట, అరవంలో. ఓడ అన్న మాట దానిలో ఉండదు. అది ఇంగ్లీషులోకి పోయి తిరిగి వచ్చేసరికి పారిపోవడానికి అయి ఉంటుంది. మీ అయ్య చెప్పాడు, నువ్వు పారిపోవడానికి ఎక్కావని. అది విని వాడు ఏమనుకుని ఉంటాడు? అయ్య అబద్ధం చెప్పాడనా, అయ్య భయపడ్డాడనా? రేపటి నుంచి వాడు అనుకోబోయే వాటన్నిటిలో ఇది ఒకటై ఉంటుంది, ఎక్కడున్నా.

కూర్మమ్మ ఈ రోజు రాలేదు. రమ్మంటే, నాను రాను, నానొత్తే నానూ ఏదో ఒకటి అనేత్తాను, అంది. పదకొండు రోజులుగా ఆమె ఎక్కువ మాట్లాడడం లేదు. ఆస్పత్రి మెట్ల దగ్గర విన్న సంగతి చెప్పిన రోజు మాత్రం నవ్వింది. నవ్వని మనిషి నవ్వితే ఎలా ఉంటుందో అలా. నీకు అరవం వచ్చనే గదా మా అయ్య నన్ను నీకిచ్చినాడు, అంది. నిజమే. కూలీల మేస్త్రీ అయిన అరవ కంగాణీతో మాట్లాడగలిగిన తెలుగు కుర్రాడు ఆ రోజుల్లో లైన్లలో ఇద్దరే. పెళ్లి మాటల్లో మామ దాన్నే గొప్పగా చెప్పుకున్నాడు, అల్లుడు అరవం మాట్లాడతాడు, దొర ఎదట నిలబడతాడు అని. ఈ పొద్దున్న కూర్మమ్మ సూరిబాబు చొక్కా ఒకటి, పంచె ఒకటి, దుప్పటి ఒకటి మూట కట్టి ఇచ్చింది. వచ్చేస్తాడు కదా, ఇవి ఎందుకు అని తాతబాబు అనలేదు. మూట ఇప్పుడు బెంచీ కింద, కాళ్ల మధ్య ఉంది.

“మూడు బాసలు ఒకేసారి లేవనీకు మావా,” అన్నాడు మోసెస్ గడియారం చూసి. “నోరు తెరిసేముందు ఒకసారి మింగు. రెండే మాటలు.”

“మింగుతాను.”

“ఏటవి?”

చెప్పాడు. మోసెస్ తలూపాడు. తలూపడం చూస్తే తాతబాబుకు ఇప్పుడు భయం. ఈ రోజు సూరిబాబుని కూడా ఇక్కడికి తెచ్చారు, వేలిముద్రలకి, వెనక గదిలో ఉంచారు. పన్నెండింటికి లారీ. వాడు గోడ అవతల ఉన్నాడనుకుంటే గోడ దగ్గరగా అనిపిస్తుంది, ఆ వైపు కూర్చోవాల్సింది, ఇటు కూర్చున్నాడు. పదీ నలభై. ఇవాళ గురువారం. ఆలస్యమైంది, మబ్బు వల్ల కావచ్చు, రావేమో అనుకుంటూండగానే రేకుల కప్పు మీద సన్నగా మోత మొదలైంది. గేటు దగ్గరి కానిస్టేబులు తల ఎత్తాడు. కాఫీ దుకాణంలోంచి చీనావాడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. అందరూ తూర్పు వైపు చూస్తున్నారు. తాతబాబు ఒక్కడే పడమటి వైపు, దొరల క్లబ్బు పచ్చిక వైపు చూశాడు, ఆ వైపు నుంచే ఒకటి, రెండు, మూడు వచ్చాయి, స్తంభం మీది జెండా కదిలేంత కిందుగా. ఈసారి వీపులు కనపడలేదు, కడుపులు కనపడ్డాయి. అంకెలు చదివాడు. చదివినందుకు వెంటనే తల దించుకున్నాడు, ఎవరైనా చూశారేమోనని. క్లబ్బు మెట్ల మీద ఒక దొరసాని నల్ల పెట్టె కళ్లకి ఆనించుకుని నిలబడి ఉంది. ఆమె తిరగలేదు, కెమెరాని నిలువుగా పట్టుకుని మీట నొక్కింది. ఆమె పటంలో క్లబ్బు నిలబడుతుంది, విమానం చెరిగిపోతుంది. కానిస్టేబులు ఆమెను చూసి సలాము చేశాడు. ఆమె పక్కనున్న దొర ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. మోసెస్ తాతబాబు మోచెయ్యి పట్టుకుని, సూడకు, అన్నాడు.

పిలుపు పదకొండుకి ముందే వచ్చింది. దొర మారలేదు, బల్ల మారలేదు, దుబాసీ అదే అరవాయన. మోసెస్‌ని గుమ్మం దగ్గరే ఆపారు. అర్జీ చూశామని, చెప్పవలసింది ఏమైనా ఉంటే చెప్పమని దుబాసీ అన్నాడు. తాతబాబు మింగాడు. కపల్ తెర్బాంగ్, దొరా, అన్నాడు. నా కొడుకు కపల్ తెర్బాంగ్ చూడడానికి కొండ ఎక్కాడు, ప్రతి గురువారం ఎక్కుతాడు, ఆ గురువారం కూడా దానికే ఎక్కాడు. అరవంలో చెప్పాడు, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు, తెలుగు రాలేదు. దుబాసీ ఇంగ్లీషులోకి మార్చడం మొదలుపెట్టి మధ్యలో ఆగాడు. తాతబాబు వైపు తిరిగి, గొంతు తగ్గించి, అన్నైక్కి ఓడన్ను సొన్నదు ఇదుదానా, అన్నాడు. ఆ రోజు ఓడ అన్నది ఇదేనా? అవునని తాతబాబు తలూపాడు. దుబాసీ కళ్లద్దాలు తీశాడు, పంచె అంచుతో తుడవబోయి, తాను వేసుకున్నది పంచె కాదని గుర్తొచ్చి, కోటుకి తుడుచుకున్నాడు. దొర ఏమిటన్నట్టు చూశాడు. దుబాసీ ఏదో చెప్పాడు, చాలాసేపు చెప్పాడు, తాతబాబు ఎన్ని మాటలు చెప్పాడో దానికన్నా ఎక్కువ. తన పొరపాటు చెప్పాడో, ఇంకేం చెప్పాడో తెలియదు. దొర విన్నాడు. విని, దస్త్రం తిప్పి చివరి కాగితం చూపించాడు. అది వెళ్లగొట్టే ఉత్తర్వు, దాని కింద సంతకం, ముద్ర. ఇది పైన అయిపోయింది, కిందటి శనివారమే, అన్నాడు దుబాసీ. నువ్వు చెప్పింది రాసి దీంట్లో కలుపుతారట. దీన్ని మాత్రం మార్చరు. ఆ తరవాత దొర కలం తీసుకుని ఒక ఖాళీ గడి మీద పెట్టి ఇంకో ప్రశ్న అడిగాడు. దుబాసీ దాన్ని అరవంలోకి మార్చాడు. ఊరు ఏది? ఈ మాట అరవంలోనూ ఊరే, తెలుగులోనూ ఊరే. మనిషిని ఎక్కడికి పంపాలో రాయాలి, లేకపోతే మద్రాసు రేవులో వదిలేస్తారు. తాతబాబు ముప్పై నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని పేరు చెప్పాడు. గెడ్డపేట. చికాకోల్ రోడ్డు స్టేషను. దుబాసీ రెండుసార్లు పలికించి, అక్షరం అక్షరం దొరకి చెప్పాడు. గడి నిండింది.

దొరని ఇంకేదో అడిగింది దుబాసీయే. తాతబాబు అడగలేదు. కొడుకుని చూడడానికి ఐదు నిమిషాలు ఇచ్చారు. వెనక గదిలో సూరిబాబు నిలబడి ఉన్నాడు, వేళ్లకి సిరా. జుట్టు కత్తిరించేశారు. కానిస్టేబులు మూట విప్పి చొక్కా దులిపి, దుప్పటి దులిపి ఇచ్చాడు. తాతబాబు దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంది, పదకొండు రోజుల నుంచి, నాను పారిపోయినాడని అన్లేదురా, ఓడన్నాను. దాని వెనక ఇంకో మాట ఉంది, ఆ పటాలు ఎవరికోసంరా. నోరు తెరిచేలోపు సూరిబాబే అడిగాడు.

“ఎక్కడికంట అయ్యా?”

“గెడ్డపేట. మనూరు.”

“నాకు దారి తెల్దు లా.”

దారి. తాతబాబు ఆ దారిలో ఒక్కసారే నడిచాడు, మేనమామ చెయ్యి పట్టుకుని, ఊరి నుంచి స్టేషనుకి. స్టేషను నుంచి ఊరికి ఎప్పుడూ నడవలేదు. కళ్లు మూసుకున్నాడు. ఊరు, ఊరి వాగు గెడ్డ, గెడ్డ దాటాక కుడివైపు సున్నపు బట్టీ, తరవాత ఉప్పు బళ్లు పోయే దారి, నాలుగు దార్ల కూడలి, ఎడమకి తిరిగితే స్టేషను. దీన్ని ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పాలి. చెప్పడం మొదలుపెట్టాడు. మద్రాసులో కలకత్తా రైలెక్కు, ఒక రాత్రి, మర్నాడు చికాకోల్ రోడ్డు. చికాకోల్ రోడ్డు, అన్నాడు సూరిబాబు. దిగి నడుస్తూ పో, నాలుగు దార్లు వస్తాయి. ఎడం చేతికి తిరుగు. ఎడం చెయ్యి, అన్నాడు సూరిబాబు. ఉప్పు బళ్లు పోతుంటాయి, వాటి వెనకే పో, సున్నపు బట్టీ వస్తాది, నీకు ఎడం పక్క. గెడ్డ. వానల్లో నడుం దాకా ఉంటాది, లేకపోతే మోకాలు. దాటితే ఊరే. చెప్తుంటే బట్టీ పొగ వాసన వచ్చింది. బట్టీ ఉందో లేదో, ఉప్పు బళ్లు ఉన్నాయో లేదో, గెడ్డకి వంతెన వేశారో. కానిస్టేబులు తలుపు తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

“ఎవుడి కొడుకునని సెప్పాల? నీ పేరు సెప్తే తెలుస్తాదా?”

“నా పేరు ఎవుడికి తెలుస్తాది. పన్నెండేళ్లకి వచ్చేసినాను.” మేనమామ పేరూ ఎవరికీ గుర్తుండదు. ఒక్క పేరు ఉంది. “ఎర్రమ్మ మనవణ్నని సెప్పు. మా యమ్మ. ఉంటే ఉంటాది. లేకపోతే ఆ పేరు తెలిసినోళ్లు ఉంటారు.”

“ఎర్రమ్మ,” అన్నాడు సూరిబాబు. కానిస్టేబులు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. వాడు మూట చంకలో పెట్టుకుని, చికాకోల్ రోడ్డు, ఎడం చెయ్యి, బట్టీ, గెడ్డ, ఎర్రమ్మ, అంటూ, తేదీ టైము అంకె రాసుకునేటప్పుడు గొణుక్కునే గొంతుతో అంటూ, వెనక తలుపులోంచి వెళ్లాడు. ఆ తలుపు మూశాక కూడా కాసేపు వినపడింది. అనవలసిన మాట తాతబాబు నోట్లోనే ఉంది, మింగినది మింగినట్టే.

వరండాలోకి వచ్చాడు. మోసెస్ టోపీ పెట్టుకుని లేచి నిలబడ్డాడు, దుబాసీ అతనికి చెప్పి ఉంటాడు. లారీ ఇంజను అవతల పక్క మొదలైంది. పోదాం మావా, అన్నాడు మోసెస్. తాతబాబు మెట్టు దిగి ఆగాడు. దారి ఇంకా తలలో నడుస్తోంది, ఇందాక వాడికి చెప్పినట్టే, స్టేషను నుంచి. స్టేషను నుంచి కూడలి. కాఫీ దుకాణాన్ని స్టేషను అనుకున్నాడు, దాని వైపు తిరిగాడు. లేదు, దాని నుంచి రావాలి. రోడ్డు దాటి దుకాణం దాకా పోయి, వెనక్కి తిరిగి, కచేరీ వైపు నడిచాడు. రోడ్డు మధ్యలో ఆగాడు. ఇది కూడలి. ఆ రోజు ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఎడమకి తిరిగాడు, దుకాణం వైపు. అంటే ఊరు ఎటుంది? ఒక చెయ్యి ఎత్తాడు, దించాడు, రెండో చెయ్యి ఎత్తాడు. సైకిలు మీద వస్తున్నవాడు గంట కొట్టి పక్కనుంచి పోయాడు. బట్టీని తిప్పి చెప్పాడు. కూడలిని తిప్పలేదు.

“ఏటి మావా?” అన్నాడు మోసెస్ దగ్గరికొచ్చి.

“కుడి సెయ్యి,” అన్నాడు తాతబాబు. చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. అప్పటికి లారీ ఊరవతల వంతెన దాటింది.